ఎసరు లెక్క: ఇంజిన్‌కి గాలి, పెట్రోలు కొలిచి పోయడం

(ఇంజినీరింగ్ విద్యార్థుల రేసింగ్ క్లబ్ సమావేశంలో ఒక ట్యూనర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

ఇందాక నన్ను పరిచయం చేసిన మాస్టారు ‘నిపుణుడు’ అన్నారు. అంత మాట వద్దండీ. నేను గ్యారేజీ మనిషిని. విజయవాడ ఆటోనగర్‌లో పదిహేడేళ్ళ వయసులో స్పానర్లు అందించే కుర్రాడిగా చేరాను. అప్పట్లో ట్యూనింగ్ అంటే కార్బరేటరే. మా మేస్త్రి పెద్దగా చదువుకోలేదు. ప్లగ్గు విప్పి దాని మొహం చూసేవాడు. బిస్కెట్ రంగులో ఉంటే బాగుంది, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ పోతోంది. అంతే. ఆ తర్వాత సైలెన్సర్ దగ్గర కాసేపు నిలబడి వాసన చూసేవాడు. మా గ్యారేజీలో పొగని కొలిచే లాంబ్డా సెన్సర్ అంటే ఆయన ముక్కే. (నవ్వులు)

ఇప్పుడు మీ దగ్గర లాప్‌టాప్ ఉంది, వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంది, ప్రోగ్రామ్ చేసుకోగలిగిన ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, ఉంది. ఒకప్పుడు పెద్ద రేసింగ్ టీములకే దక్కిన సరుకు ఇది. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు 2000ల మొదట్లో మెగాస్క్విర్ట్ అనే కిట్టు తయారు చేశారు. సోల్డరింగ్ వచ్చినవాడు ఇంట్లో కూర్చుని ఈసీయూ కట్టుకునే రోజులు దాంతో వచ్చాయి. తర్వాత ఆస్ట్రేలియా నుంచి జోష్ స్టువర్ట్ మొదలుపెట్టిన స్పీడ్యుయినో వచ్చింది. అది మీరు ఫస్టియర్‌లో ఎల్ఈడీలు వెలిగించిన ఆర్డుయినో మెగా బోర్డు మీదే నడుస్తుంది. కాబట్టి సరంజామా లేదని ఇప్పుడెవరూ అనలేరు.

నా కంప్లయింటు వేరే. లాప్‌టాప్ పట్టుకున్న కుర్రాళ్ళు గాలి, పెట్రోలు పాళ్ళు చూపించే మీటరు మీద అంకె చూస్తారు, ఈసీయూ పెట్రోలు లెక్కకి వాడే టేబుల్‌లో అంకె మారుస్తారు. ఆ మీటరు అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం అడగరు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఎసరు సంగతి. అన్నానికి గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్ళు అంటారు. కానీ వంట తెలిసిన అమ్మ వెంటనే ఇంకో మాట అడుగుతుంది: కొత్త బియ్యమా, పాత బియ్యమా? కొత్త బియ్యానికి అంత ఎసరు పోస్తే అన్నం ముద్దవుతుంది. పాత బియ్యమైతే ఇంకాస్త నీళ్ళు లాగుతుంది. ఇంజిన్‌లో బియ్యం పెట్రోలు, ఎసరు గాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. బరువు లెక్క కాబట్టి చిన్నగా అనిపిస్తుంది. అదే లీటర్లలోకి మారిస్తే, ఒక్క లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి పడుతుంది. బండి తాగేది పెట్రోలు అనుకుంటాం గానీ, అసలు తాగేది గాలి. పెట్రోలు నంజుకోవడానికి.

మరి 14.7 అన్నది ఏ బియ్యానికి? ఇథనాల్ కలవని పెట్రోలుకి. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్ అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. గ్రాముకి 9 గ్రాములు. రెండూ కలిపి లెక్కేస్తే ఇ10కి 14.1, ఇ20కి 13.5 వస్తాయి. కొత్త బియ్యమన్నమాట.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక కుర్రాడు నా దగ్గరికి బండి తెచ్చాడు. ఇ20కి సరైన పాళ్ళు 13.5 అని చదివాడు. మీటరు మీద 13.5 వచ్చేదాకా పెట్రోలు పెంచాడు. చదివింది కరెక్టే, చేసింది తప్పు. ఎందుకో చెప్పండి? సెన్సర్‌కి మీ ట్యాంకులో ఏముందో తెలియదు. గాలి సరిపోయిందా, ఎక్కువైందా, తక్కువైందా, ఎంత, అంతే దానికి తెలుసు. ఆ కొలతనే లాంబ్డా అంటాం. మీటరు ఆ లాంబ్డాని 14.7తో గుణించి చూపిస్తుంది, ట్యాంకులో ఏం పోసినా సరే. అంటే ఇ20 పోసిన బండి సరిగ్గా కాలుతున్నప్పుడు కూడా మీటరు 14.7 అనే అంటుంది. దాన్ని 13.5కి తెచ్చాడంటే లాంబ్డా 0.92కి తెచ్చాడు, ఎనిమిది శాతం రిచ్ చేశాడు. ‘అన్నా, మైలేజీ పడిపోయింది, ఇథనాల్ వల్లేనా?’ అన్నాడు. ఇథనాల్ పాపం కొంత ఉంది, ఎక్కువ పాపం వాడిదే. (నవ్వులు)

అందుకే మీటరు సెట్టింగుల్లోకి వెళ్ళి లాంబ్డా పెట్టుకోండి. 1 అంటే సరిపోయింది. 0.9 అంటే గాలి పది శాతం తక్కువ, అంటే రిచ్. 1.05 అంటే గాలి ఐదు శాతం ఎక్కువ, అంటే లీన్. ఇంధనం మారినా ఈ భాష మారదు. ఇంధనం మారితే ఇంజెక్టర్, అంటే పెట్రోలు చల్లే మర, పోయాల్సిన మొత్తం మాత్రం మారుతుంది, మర్చిపోకండి. ఇ10 మీద ట్యూన్ చేసిన బండిలో ఇ20 పోస్తే, టేబుల్ అలాగే ఉన్నా మూడు నాలుగు శాతం లీన్ అవుతుంది. ఈవెంటుకి వెళ్ళేచోట ఏ ఇంధనం ఇస్తారో ముందే కనుక్కోమని అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు సెన్సర్ దగ్గరికి వద్దాం. కాసేపు ఇక్కడే ఉంటాం, ఎందుకంటే నేను చేసిన తప్పుల్లో సగం ఇక్కడివే.

ఆక్సిజన్ సెన్సర్‌ని కార్లలోకి తెచ్చింది బాష్ కంపెనీ, 1976లో, వోల్వో కార్లలో, కాలిఫోర్నియా పొగ నిబంధనల కోసం. అది న్యారోబ్యాండ్. లాంబ్డా 1కి అటు రిచ్ వైపు 0.8, 0.9 వోల్టులు, ఇటు లీన్ వైపు 0.1 వోల్టు, మధ్యలో 0.45 దగ్గర ఠక్కున మారిపోతుంది. కూరలో ఉప్పు ఎలా ఉందంటే ‘ఎక్కువ’ లేదా ‘తక్కువ’ అని మాత్రమే చెప్పే మనిషి లాంటిది. ఎంత ఎక్కువంటే నోరు మెదపదు. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి అది చాలు, ఎందుకంటే దానికి లాంబ్డా 1 చుట్టూ సన్నటి గీత మీద నడిస్తే చాలు. ట్యూనింగ్‌కి చాలదు.

మన దగ్గరున్నది వైడ్‌బ్యాండ్. మామూలుగా దొరికేది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9. లోపల హీటర్ దాన్ని దాదాపు 780 డిగ్రీలకి వేడెక్కిస్తుంది. లోపలి చిన్న గదిలోకి పొగ వస్తుంది. ఆ గదిలో ఆక్సిజన్ ఎక్కువుంటే కరెంటుతో బయటికి తోడుతుంది, తక్కువుంటే లోపలికి తోడుతుంది. ఎంత కరెంటు పట్టిందన్నదే కొలత. అందమైన పనితనం. కానీ ఒక్క సంగతి గమనించండి. ఇది సిలిండర్‌లోకి ఏం వెళ్ళిందో చూడదు. బయటికి ఏం వచ్చిందో చూస్తుంది. పెళ్ళిలో వంట ఎంత చేశారో పెరట్లో పడేసిన విస్తళ్ళు చూసి చెప్పినట్టు. మామూలు రోజున ఆ లెక్క బాగానే కుదురుతుంది. కానీ ఏదో అలిగి ఒక పంక్తి మొత్తం తినకుండా లేచిపోయిందనుకోండి, విస్తళ్ళ నిండా మిగులుతుంది. అది చూసి ‘వంట మరీ ఎక్కువైంది’ అంటే తప్పు కదా.

ఇంజిన్‌లో పంక్తి లేచిపోవడం అంటే మిస్సింగ్. ఒక సిలిండర్ మిస్ కొడితే అందులోని గాలి, పెట్రోలు రెండూ కాలకుండా సైలెన్సర్‌లోకి వస్తాయి. కాలని ఆక్సిజన్ అంతా సెన్సర్‌కి తగులుతుంది. పెట్రోలు కూడా ఉంది గానీ, సెన్సర్ దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. దాంతో లీన్ అంటుంది. నిజానికి అది రిచ్ అయి మిస్ కొట్టినా సరే, లీన్ అనే అంటుంది.

ఇది నాకు ఎలా తెలిసిందంటారా? నా దగ్గర ఒక మారుతి ఎస్టీమ్ ఉండేది, ఆటోక్రాస్ కోసం. 1298 సీసీ, 16 వాల్వుల ఇంజిన్. దానికి పెద్ద క్యామ్ వేశాను, అంటే వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే రకం. ఐడ్లింగ్‌లో మీటరు 16.5 చూపించింది. లీన్ కదా అని పెట్రోలు పెంచాను. అంకె 17 అయింది. ఇంకా పెంచాను. ఇంకా లీన్ అంది. ఇంజిన్ పట్టుకుని ఊపినట్టు ఊగుతోంది. మధ్యాహ్నం దాకా అదే పని. చివరికి టేబుల్‌లో ఆ గడులన్నీ కొండలా తయారయ్యాయి. అప్పుడు మా మేస్త్రి, ఆయన అప్పటికే రిటైరయ్యాడు, ఊరికే చూద్దామని వచ్చాడు. షెడ్డులోకి అడుగు పెట్టి కళ్ళు నులుముకున్నాడు. ‘ఏరా, కళ్ళు మండట్లేదా నీకు?’ అన్నాడు. ‘మీటరు తక్కువంటోంది మేస్త్రీ’ అన్నాను. ‘మీటరు సంగతి సరే, నీ కళ్ళేమంటున్నాయి?’ అన్నాడు.

ప్లగ్గులు విప్పితే నాలుగూ బొగ్గులే. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పెట్రోలు వాసన. కొత్త ప్లగ్గులు వేసి, పొద్దున్నించీ పెంచిందంతా తీసేసి, ఇంకొంచెం తగ్గించాను. ఇంజిన్ సర్దుకుంది, మీటరు 14కి దిగింది. పెట్రోలు తగ్గిస్తే మీటరు రిచ్ వైపు వచ్చిందన్నమాట! ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోశాను, లేకపోతే పెట్రోలు కలిసిన ఆయిల్‌తో బోరు అరిగిపోతుంది. అప్పటి నుంచీ పెద్ద క్యామ్ వేసిన బండి ఐడ్లింగ్‌ని మీటరు చూసి కాకుండా ఇంజిన్ నడక చూసి, వాక్యూమ్ చూసి సెట్ చేస్తాను. మీటరు వైపు ఓ చూపు ఉంటుంది, అంతే.

ఇలాంటిదే ఇంకోటి, హెడర్ లీకు. హెడర్ అంటే ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టాలు. ఎగ్జాస్ట్ గాస్కెట్టు దగ్గర వెంట్రుకవాసి సందున్నా చాలు, ఒక్కో పొగ దెబ్బకీ మధ్య గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఐడ్లింగ్‌లో, తక్కువ లోడులో అంకె లీన్ వైపు లాగుతుంది. ఫుల్ లోడులో పెద్దగా తేడా ఉండదు. ఇంజిన్ ఆపి, వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలేవైపు గొట్టం సైలెన్సర్‌కి పెట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు కొట్టండి. బుడగలొస్తే ముందు స్పానర్ పట్టుకోండి, లాప్‌టాప్ తర్వాత.

ఇంకా చిన్నవి గబగబా చెబుతాను. సెన్సర్‌ని గొట్టం అడుగున పెట్టకండి, చల్లటి స్టార్ట్‌లో నీటి చుక్క వేడి పింగాణీ మీద పడితే పగులుతుంది. గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఉండేలా పై వైపు పెట్టండి. టర్బో ఉంటే టర్బో తర్వాతే పెట్టండి, ముందు పెడితే ఒత్తిడి వల్ల అంకె తప్పుతుంది. లెడ్ కలిపిన రేసు పెట్రోలు దాన్ని చంపేస్తుంది. కొన్ని రకాల సిలికాన్ గమ్ముల పొగ కూడా అంతే. ఇంజిన్ నడుస్తూ సెన్సర్ హీటర్ ఆఫ్‌లో ఉంటే మసి పట్టి పోతుంది.

ఎర్తింగ్ సంగతి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి. వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ నుంచి ఈసీయూకి 0 నుంచి 5 వోల్టుల వైరు ఇస్తారు. 0 వోల్టులంటే పాళ్ళు 10, 5 వోల్టులంటే 20 అని సెట్ చేశారనుకుందాం. వోల్టుకి రెండు పాయింట్లు. కంట్రోలర్ ఎర్త్ బాడీ మీద ఒక చోట, ఈసీయూ ఎర్త్ ఇంకో చోట ఇచ్చి, రెండిటి మధ్య పదోవంతు వోల్టు తేడా వచ్చిందంటే అంకె 0.2 తప్పు. మీరు 12.6 అనుకుంటున్నది 12.8. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయినప్పుడు ఆ తేడా ఇంకా మారుతుంది. ఫ్యాన్ తిరగగానే బండి రిచ్ అయిందని ఒకరు నాతో వాదించారు. బండి కాదు బాబూ, వైరు. సీఏఎన్ లైన్ ద్వారా, అంటే వోల్టులుగా కాకుండా డిజిటల్ అంకెలుగా ఇస్తే ఈ గొడవ ఉండదు. లేదంటే రెండు ఎర్తులూ ఒకే బోల్టు కిందకి తెండి.

సరే, మన సాక్షి, అంటే సెన్సర్, నిజమే చెబుతున్నాడని తేలింది. ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఈసీయూ పెట్రోలు ఎలా కొలుస్తుంది? బోర్డు మీద ఓ లెక్క చేద్దాం, నా ఎస్టీమ్‌దే. నాలుగు సిలిండర్లు కాబట్టి ఒక్కోటి 324.5 సీసీ. ఎండాకాలం, ఇన్‌టేక్ గాలి 40 డిగ్రీలు. ఫుల్ థ్రాటిల్‌లో మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టం, అందులో ఒత్తిడి 95 కిలోపాస్కల్. ఆ గాలి లీటరు 1.06 గ్రాములు తూగుతుంది. సిలిండర్ పూర్తిగా నిండితే 0.34 గ్రాములు. కానీ పూర్తిగా నిండదు. ఎంత నిండుతుందో చెప్పేదే వీఈ, వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ. 85 శాతం అనుకుందాం. అంటే 0.29 గ్రాముల గాలి. ఫుల్ లోడు కాబట్టి కాస్త రిచ్‌గా, దాన్ని 13తో భాగిస్తే 22 మిల్లీగ్రాముల చిల్లర పెట్రోలు. నిమిషానికి 200 సీసీ పోసే ఇంజెక్టర్ అయితే మిల్లీసెకనుకి దాదాపు 2.5 మిల్లీగ్రాములు పోస్తుంది. కాబట్టి 9 మిల్లీసెకన్లు తెరవాలి.

అంతేనా? కాదు. ఇంజెక్టర్‌కి కరెంటు ఇవ్వగానే తెరుచుకోదు. లోపలి సూది లేవడానికి టైము పడుతుంది. దాన్ని డెడ్ టైమ్ అంటారు. సుమారు ఒక మిల్లీసెకను. బ్యాటరీ వోల్టేజి తగ్గితే పెరుగుతుంది. అది కలిపితే మొత్తం 10 మిల్లీసెకన్లు. 6000 ఆర్‌పీఎంలో ఇంజిన్ రెండు చుట్లు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఇంజెక్టర్ సగం సేపు తెరిచి ఉన్నట్టు. ఇది 85 శాతం దాటకూడదు, దాటితే పెద్ద ఇంజెక్టర్ కొనండి.

ఇప్పుడు అదే ఇంజిన్ ఐడ్లింగ్‌లో చూడండి. ఒత్తిడి 35, వీఈ 45. లెక్కేస్తే పెట్రోలు 4 మిల్లీగ్రాములే. ఇంజెక్టర్ నిజంగా పోయాల్సిన టైము 1.6 మిల్లీసెకన్లు. మీరు డెడ్ టైమ్ 0.2 మిల్లీసెకన్లు తప్పు పెట్టారనుకోండి. ఫుల్ లోడులో 9లో 0.2 అంటే రెండు శాతం, ఎవరికీ తెలియదు. ఐడ్లింగ్‌లో 1.6లో 0.2 అంటే పన్నెండు శాతం! అదే తప్పు, రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. కుర్రాడేం చేస్తాడు? ఐడ్లింగ్ గడుల్లో వీఈ పన్నెండు శాతం మార్చేస్తాడు. మీటరు మీద 1 వస్తుంది. పండగ. సాయంత్రం హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేస్తాడు, వోల్టేజి 14 నుంచి 12.5కి దిగుతుంది, బండి ఆగిపోతుంది. మళ్ళీ వీఈ మారుస్తాడు. ఆ రోగం వీఈలో లేదు. ఎన్నిసార్లు మార్చినా అక్కడ దొరకదు.

నేను ఎక్కువ బాధపడేది ఇక్కడే. వీఈ టేబుల్ అంటే ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో దాని బొమ్మ. దాన్ని చెత్తబుట్ట చేసేశారు. ఇంజెక్టర్ సైజు తప్పు, డెడ్ టైమ్ తప్పు, గాలి వేడి సెన్సర్ తప్పు, పెట్రోలు ప్రెషర్ తప్పు, అన్నిటినీ తీసుకొచ్చి ఆ గడుల్లో పోస్తారు. మంచి వీఈ టేబుల్ మూడు కొలతల బొమ్మలో చూస్తే నేల మీద దుప్పటి పరిచినట్టు నున్నగా ఉంటుంది. టార్క్ ఎక్కువున్న చోట ఉబ్బు, అటూ ఇటూ వాలు. ఎక్కడైనా ఒక్క గడి ముల్లులా లేచిందంటే ఇంజిన్ గాలి అలా పీల్చదు. అక్కడ ఇంకేదో జరిగింది.

ఈ తప్పూ చేశాను. ఒక రేసుకి ముందు రోజు కొత్త పెట్రోలు పంపు వేయించాను. 6200 ఆర్‌పీఎం పైన మీటరు లీన్ అంటోంది. 0.88 ఉండాల్సింది 0.97. టైము లేదు, టెన్షన్. ఆ వరసలో వీఈ పది శాతం పెంచేశాను. అంకె కుదిరింది. నాకూ నిద్ర పట్టింది. మర్నాడు ఎండలో, పంపు వేడెక్కాక, అదే చోట 1.02 వచ్చింది. పంపు ఎక్కువ పెట్రోలు నెట్టలేకపోతోంది. ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే గొట్టానికి, అంటే ఫ్యూయల్ రైలుకి, ప్రెషర్ గేజి పెట్టి చూస్తే 3 బార్లు ఉండాల్సింది పై స్పీడులో 2.4కి పడుతోంది. ముందు రోజే గేజి పెట్టి ఉంటే రెండు నిమిషాల పని. అదృష్టం, టర్బో బండి కాదు కాబట్టి పిస్టన్ మిగిలింది. ఆ పంపు అమ్మిన షాపు పేరు చెప్పను, తప్పు నాది కూడా.

అందుకని నా పద్ధతి చెబుతాను. ముందు స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపించే టైమింగ్ లైటు పెట్టి, ఈసీయూ పది డిగ్రీలు అంటే క్రాంక్ మీద పది డిగ్రీలేనా అని చూస్తాను. పెట్రోలు ప్రెషర్ గేజి. వేడి సెన్సర్లు: పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో నీళ్ళ సెన్సర్, గాలి సెన్సర్ రెండూ ఒకే వేడి చూపించాలి, గోడ మీది థర్మామీటర్‌తో కలవాలి. ఇంజెక్టర్ వివరాలు. లీకులు. ఇదంతా కుదిరాకే వీఈ.

వీఈ మొదలుపెట్టే ముందు క్లోజ్డ్ లూప్, అంటే సెన్సర్ చూసి ఈసీయూ తనంతట తాను పెట్రోలు సర్దుకోవడం, ఆపేయండి. లేకపోతే ఈసీయూ వెనక నుంచి సర్దుతూ ఉంటుంది, మీ తప్పు మీకు కనపడదు. తర్వాత డైనో మీద, అంటే బండిని నిలబెట్టి ఇంజిన్ బలం కొలిచే యంత్రం మీద, లోడు పట్టి ఉంచగలిగే రకం దొరికితే, ఒక్కో గడిలో ఇంజిన్‌ని నిలబెట్టండి. లెక్క మూడో తరగతిది: పాత వీఈని వచ్చిన లాంబ్డాతో గుణించి, కావాల్సిన లాంబ్డాతో భాగించండి. వీఈ 70, కావాల్సింది 0.9, వచ్చింది 0.96 అనుకోండి. 74.7. అంతే. ఒకసారి కొట్టి, మళ్ళీ చూడండి. డెడ్ టైమ్, ప్రెషర్ సరిగ్గా ఉంటే ఒకటి రెండు సార్లకి కుదురుతుంది. ఐదుసార్లు కొట్టినా కుదరట్లేదంటే ఆగి, బండి చుట్టూ ఓసారి తిరగండి.

ఎంత పెట్టాలి అని అందరూ మొదట అడిగేది చివరికి చెబుతున్నాను, ఎందుకంటే ఇది తేలిక. టర్బో లేని ఇంజిన్ ఫుల్ లోడులో 0.86 నుంచి 0.90 మధ్య. టర్బోకి 0.80 దగ్గర, వేడి అదుపులో ఉండడానికి. మామూలు నడకలో 1. నెమ్మదిగా పోయేటప్పుడు 1.05 దాకా ఇచ్చినా ఏమీ కాదు. లీన్ అంటే పిస్టన్ కరిగిపోతుందని భయపడతారు. తక్కువ లోడులో కాలే పెట్రోలే కొంచెం, కరిగేంత వేడి ఎక్కడిది? పిస్టన్‌ని చంపేది ఫుల్ లోడులో నాకింగ్, అంటే మిశ్రమం తనంతట తాను పేలినట్టు అంటుకోవడం. లీన్ దానికి దారి తీస్తుంది, టైమింగ్ ఎక్కువైనా దారి తీస్తుంది. అంకెలో పదోవంతు కోసం కొట్టుకునే బదులు టైమింగ్ మీద ఆ టైము పెట్టండి, హార్స్‌పవర్ అక్కడుంది.

యాక్సిలరేటర్ ఠక్కున నొక్కినప్పుడు వచ్చే తడబాటు వేరే కథ. ఇంజెక్టర్ చల్లిన పెట్రోలులో కొంత పోర్టు గోడలకి అంటుకుంటుంది, గోడ తడిసేదాకా సిలిండర్‌కి తక్కువ చేరుతుంది. ఆ లోటు పూడ్చడమే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్. వీఈ పూర్తిగా కుదరకుండా దీన్ని ముట్టుకోకండి, ఒకదాని తప్పు ఇంకోటి దాస్తుంది. అన్నిటికన్నా చివర చల్లటి స్టార్ట్. అది రోజుకి ఒక్కసారే దొరుకుతుంది. స్టార్ట్ చేసి, సరిపోలేదని మార్చి మళ్ళీ స్టార్ట్ చేస్తే అది అప్పటికే చల్లటి ఇంజిన్ కాదు. రాత్రంతా ఆగాలి. అందుకే పది రోజుల ముందు నుంచీ మొదలుపెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

విద్యార్థి: సార్, సాఫ్ట్‌వేర్‌లో మీటరు చూసి టేబుల్ దానంతట అదే మార్చే ఆటోట్యూన్ ఉంది కదా, అది చాలదా?

వాడండి, నేనూ వాడతాను. కానీ పొగ సిలిండర్ నుంచి సెన్సర్ దగ్గరికి రావడానికి టైము పడుతుంది, ఐడ్లింగ్‌లో మరీ ఎక్కువ. ఈలోగా మీరు థ్రాటిల్ మార్చేస్తే, పాత గడి పొగని చూసి కొత్త గడిని మారుస్తుంది. అందుకే నిలకడగా నడపండి. థ్రాటిల్ వదిలినప్పుడు పెట్రోలు ఆగిపోతుంది, మీటరు పూర్తి లీన్ అంటుంది, ఆ సమయాన్ని లెక్కలోంచి తీసేయమని సెట్ చెయ్యండి. ఇందాకటి నా ఎస్టీమ్ ఐడ్లింగ్ మీద ఆటోట్యూన్ వదిలి ఉంటే, నేను సగం రోజులో చేసిన నాశనం అది పది నిమిషాల్లో చేసేది.

విద్యార్థి: మాది 373 సీసీ సింగిల్ సిలిండర్, 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్. మానిఫోల్డ్ ప్రెషర్ రీడింగ్ ఊగిపోతోంది సార్.

సింగిల్ కదా, ఊగుతుంది. నాలుగు స్ట్రోకుల్లో ఒక్కసారే పీలుస్తుంది, మిగతా సేపు ఊరుకుంటుంది. ఈసీయూలో ఒక సైకిల్‌లోని కనిష్ఠ ప్రెషర్‌ని, లేదా ఒకే క్రాంక్ కోణం దగ్గర ప్రెషర్‌ని తీసుకునే సెట్టింగు ఉందేమో చూడండి. లేకపోతే థ్రాటిల్ కోణం, ఆర్‌పీఎం లెక్కతో, అంటే ఆల్ఫా-ఎన్‌తో నడపండి. రిస్ట్రిక్టర్, అంటే గాలి దారిని ఇరుకు చేసే రంధ్రం, దాని గురించి ఒక మాట. మీ ఇంజిన్ సగటున పీల్చే గాలి, ఆ 20 మిల్లీమీటర్ల రంధ్రం ఇవ్వగలిగిన దాంట్లో సగం కూడా కాదు. అందుకని దాంతో ఇబ్బంది లేదనుకుంటారు. కానీ పీల్చేది ఒక్క గుక్కలో. ఆ గుక్కకి రంధ్రం చాలదు. రిస్ట్రిక్టర్ తర్వాత ప్లీనమ్, అంటే గాలి నిలవుండే డబ్బా, పెద్దగా ఉంటే రంధ్రం నిదానంగా నింపుతుంది, ఇంజిన్ ఒక్కసారిగా తాగుతుంది. మన ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులాగా. ప్లీనమ్ మార్చారంటే టేబుల్ మళ్ళీ మొదటి నుంచి.

అదే విద్యార్థి: ఇక్కడ ట్యూన్ చేసింది కోయంబత్తూరులో పనిచేస్తుందా?

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు, కోయంబత్తూరు 400 పైచిలుకు. గాలి ఒత్తిడిలో తేడా ఒకటి, ఒకటిన్నర శాతం. అంత భయం లేదు. అయినా ఆల్ఫా-ఎన్ అయితే బేరోమీటర్ కరెక్షన్ ఆన్ చేసుకోండి, థ్రాటిల్ కోణానికి ఎత్తు తెలియదు. పక్కనే ఊటీ ఉంది కదా అని బండేసుకుని ఎక్కారంటే మాత్రం ఒత్తిడి ఐదో వంతు దాకా పడిపోతుంది, కొండ మీద నల్లపొగే. (నవ్వులు)

విద్యార్థిని: మామూలు రోడ్డు బండికి పిగ్గీబ్యాక్ పెట్టుకోవచ్చా అండీ?

పిగ్గీబ్యాక్ అంటే కంపెనీ ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కూర్చుని పెట్రోలు పెంచేది. లాంబ్డా 1 దగ్గర కంపెనీ ఈసీయూ తన సెన్సర్ చూసుకుని, మీరు పెంచిందంతా మళ్ళీ తగ్గించేస్తుంది. ఇద్దరు వంటవాళ్ళు ఒకే కూరలో ఉప్పు సర్దినట్టు. ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. రిచ్‌గా నడిపితే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది. రోడ్డు బండిని వదిలెయ్యమ్మా. మీ టీము కారు ఉందిగా, అది ట్రాక్ కోసమే కట్టింది, దాని మీద చూపించు నీ ప్రతాపం.

ఇంతకీ ఆ కారు ఎక్కడుంది? వర్క్‌షాప్‌లోనా? పొద్దున్నించీ ఎవరైనా స్టార్ట్ చేశారా? లేదా? అయితే ఇంకా చల్లగానే ఉంటుంది. రేపటిదాకా మళ్ళీ దొరకదు. ఎవరో ఒకరు లాప్‌టాప్ ఛార్జరు పట్టుకోండి, పదండి.